వి-క్రాస్‌కి కొత్త షాకబ్జర్లు: కాటా నుంచి క్వారీ రోడ్డు దాకా

బండి ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, ఫోర్ వీల్ డ్రైవ్, మాన్యువల్ గేర్లు. తిరుపతి జిల్లా శ్రీసిటీ ప్లాంటులో తయారైనదే. ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్ములు పట్టుకునే అమరిక), కాయిల్ స్ప్రింగులు. వెనక బిగి ఇరుసు, కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). 80 వేల కిలోమీటర్లు తిరిగింది, షాకులు కంపెనీవే. ఎక్కువగా తిరిగేది చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీ రోడ్ల మీద. అప్పుడప్పుడు సామాను వేసుకుని మారేడుమిల్లి అడవి దారుల్లోకి వెళ్తుంది.

మొదటి రోజు: చచ్చింది షాకేనా?

వెనక ఎడమ షాక్ ఒళ్ళంతా నూనె. పైభాగంలో పల్చటి చెమ్మ, దాని మీద దుమ్ము పట్టడం మామూలే. సీలు తడిగా ఉండేందుకు షాక్ కడ్డీ కొద్దిగా నూనెను బయటికి తెస్తుంది. ఇక్కడ మాత్రం నూనె కింది బుష్ దాకా జారి బొట్లు కడుతోంది. అంటే సీలు పోయినట్టే.

బంపర్ మీద కాలేసి ఊపి చూసే పాత పరీక్షను పికప్పులకు నమ్మకూడదు. కమాను పట్టీల మధ్య రాపిడే ఆ ఊపును ఆపేస్తుంది, చచ్చిన షాక్ కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. షాక్ కింది బోల్టు విప్పి చేత్తో నొక్కి లాగి చూడటమే సరైన పద్ధతి. ఎడమదానికి మొదటి మూడు వేళ్ళ దూరం వరకు పట్టే లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా బిగిసింది. లోపల నూనె తగ్గి గాలి చేరిందనడానికి గుర్తు అది. కుడిది పైనుంచి కిందికి ఒకేలా ఉంది.

అదే పనిలో కమాన్ కట్టలు, షాకిల్ బుష్‌లు (కమాను చివర కదిలే కొక్కెం రబ్బర్లు), సెంటర్ బోల్టు కూడా చూడాలి. విరిగిన పట్టీ మీద కొత్త షాక్ వేస్తే డబ్బు దండగ. ఈ బండికి పట్టీలు బాగున్నాయి, షాకిల్ బుష్‌లు నాలుగూ చీలాయి. వాటిని జాబితాలో చేర్చాం.

ఇంకో మాట. టైర్లలో గాలి 35 నుంచి 26 పీఎస్‌ఐకి దించి అదే రోడ్డు మీద ఒకసారి నడిపితే, షాకుల మీదికి తోసేసిన కుదుపులో చాలా భాగం టైరుదేనని తెలిసిపోతుంది. ఖర్చు లేని పరీక్ష, ఎవరూ చెయ్యరు. తిరిగి తారు రోడ్డెక్కే ముందు గాలి నింపడం మర్చిపోకూడదు.

రెండో రోజు: కాటా

షాక్ ఎంపిక బ్రాండు దగ్గర మొదలైతే తప్పుతుంది. మొదలు బరువు దగ్గర. లారీలు తూచే కాటా మీద మూడుసార్లు ఎక్కించాలి: బండి మొత్తం, ముందు చక్రాలు మాత్రం, వెనక చక్రాలు మాత్రం. రెండు ఇరుసుల కూడిక మొత్తానికి పది ఇరవై కిలోలు అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. అంతకు మించితే కాటా ముందు నేల వాలుగా ఉందన్నమాట, మళ్ళీ తూచాలి.

డీజిల్ నిండుగా, మనుషులు లేకుండా, ఉట్టి బండి: ముందు 1,090, వెనక 850 కిలోలు.

స్టీలు బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు మిషను), వెనక కనోపీ (తొట్టి మీది కప్పు), రెండో స్టెప్నీ బిగించాక: ముందు 1,220, వెనక 930.

మనుషులు, నీళ్ళు, డీజిల్ డబ్బాలు, పనిముట్లు ఎక్కాక: ముందు 1,240, వెనక 1,190.

ముందు లెక్కలో ఒక తిరకాసు ఉంది. బంపర్, వించ్ కలిపి 100 కిలోలే. వాటి వల్ల ముందు ఇరుసు మీద పెరిగింది మాత్రం సుమారు 125. బంపర్ ఉండేది ఇరుసుకు ముందు, 80 సెంటీమీటర్ల అవతల. వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) 3,095 మి.మీ. తూగుడుబల్లలాగా అది ముందు దిగుతూ వెనక నుంచి 25 కిలోలు ఎత్తేస్తుంది. వించ్ వేసినవాళ్ళు ముక్కు వాలిపోయిందని, వెనక తేలుతోందని అనేది ఇందుకే.

మూడో బరువు ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటకూడదు. దాన్ని ఏ షాకూ పెంచదు.

మూడో రోజు: సిమెంటు బస్తాలు

కమాను గట్టితనం కొలవడానికి మిషను అక్కర్లేదు, 50 కిలోల సిమెంటు బస్తాలు నాలుగు చాలు. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి, బస్తాలను సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా తొట్టిలో పేర్చి, మళ్ళీ కొలవాలి. ప్రతి కొలతకు ముందు వెనక భాగాన్ని నాలుగైదుసార్లు గట్టిగా ఊపాలి. లేకపోతే పట్టీల రాపిడి వల్ల దిగాల్సినంత దిగదు. ఊపకుండా బస్తాలు దించితే పాత ఎత్తుకు 6 మి.మీ. తక్కువలోనే ఆగిపోయింది.

200 కిలోలకు రెండు వైపులా సగటున 27 మి.మీ. దిగింది. అంటే ఒక్కో వైపు మిల్లీమీటరుకు సుమారు 36 న్యూటన్లు.

ఇక్కడి నుంచి షాక్ ఎంత బలంగా ఉండాలో లెక్క తీయొచ్చు. ఇరుసు, చక్రాలు, డ్రమ్ములు కలిపి 190 కిలోలు కమాను కింద ఉంటాయి, అవి లెక్కలోకి రావు. 930లో మిగిలిన 740ని రెండుగా పంచితే ఒక్కో వైపు 370 కిలోలు. ఈ బరువుకు, ఈ కమానుకు బండి ఒక్కసారి కూడా ఊగకుండా ఆగాలంటే చక్రం దగ్గర సెకనుకు మీటరు వేగానికి 7,300 న్యూటన్ల అడ్డు కావాలి. అంత అడ్డు పెడితే బండి ఎద్దుబండే అవుతుంది. అందులో 30 శాతం దగ్గర మొదలుపెట్టడం మంచిది. అంటే 2,190.

షాక్ నిట్టనిలువుగా ఉండదు. ఈ బండిలో 25 డిగ్రీలు వాలి ఉంది. వాలినప్పుడు షాక్ ఇచ్చే అడ్డులో 82 శాతమే చక్రానికి అందుతుంది, కాబట్టి షాక్ దగ్గర 2,670 కావాలి. లోపలికి నొక్కినప్పుడు ఒక వంతు, బయటికి సాగినప్పుడు రెండు వంతులుగా పంచితే, సెకనుకు 0.3 మీటర్ల వేగంలో లోపలికి 55 కిలోలు, బయటికి 110 కిలోల బలం. అమ్మేవాళ్ళను అడగాల్సింది ఈ రెండు అంకెలు. చాలామంది ఇవ్వరు, ‘మీడియం’, ‘హెవీ’ అంటారు. డైనో కాగితం (మిషను మీద షాక్ బలం కొలిచిన రిపోర్టు) ఇచ్చేవాళ్ళు దొరికితే వాళ్ళ దగ్గర రెండు రూపాయలు ఎక్కువైనా పర్వాలేదు.

నాలుగో రోజు: పొడవులు

బరువు తర్వాత చూడాల్సింది ఇదే, దీన్ని వదిలేస్తే మంచి షాక్ కూడా నెలలో పోతుంది. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, వెనక షాకులు విప్పి, ఇరుసును జాకీ మీద కిందికీ పైకీ నడిపిస్తూ పై బోల్టు నుంచి కింది బోల్టు వరకు కొలవాలి.

బంప్ స్టాప్ రబ్బరు (ఇరుసు వచ్చి ఛాసిస్‌ను కొట్టకుండా ఆపేది) పూర్తిగా నలిగినప్పుడు: 365 మి.మీ.
కనోపీ బరువుతో నిలబడి ఉన్నప్పుడు: 472.
ఇరుసు వేలాడుతూ బ్రేకు గొట్టం బిగుసుకునేటప్పుడు: 600.

ఇవి ఈ ఒక్క బండి కొలతలు. పక్కవాడి వి-క్రాస్‌కి బుష్‌లు అరిగినా, కమాన్లు వాలినా మారతాయి. టేపు పట్టుకోక తప్పదు.

దీన్నిబట్టి షాక్ మూసుకున్న పొడవు 350కి మించకూడదు, 15 మి.మీ. ఖాళీ ఉండాల్సిందే. సాగిన పొడవు 585 లోపు ఉండాలి. 40 మి.మీ. లిఫ్టు కిట్టుతో వచ్చే ఒక షాక్ చూశాం: మూసుకుంటే 375, సాగితే 625. కమాన్ ఎత్తు పెంచకుండా, బంప్ స్టాప్ దించకుండా దాన్ని పెడితే, రబ్బరు పూర్తిగా నలగడానికి 10 మి.మీ. ముందే షాక్ అడుగు తన్నుకుంటుంది. బండి బరువంతా అడుగు వాల్వు మీద పడుతుంది. రెండో చివర 625కి సాగేలోపే 600 దగ్గర బ్రేకు గొట్టం తెగుతుంది. ‘పొడవు షాక్ అయితే ఎక్కువ ఆడుతుంది’ అనే మాట ఎక్కడ బెడిసికొడుతుందో ఈ రెండు అంకెల్లో ఉంది.

ముందు వైపు కొలత వేరు. చక్రాన్ని 50 మి.మీ. ఎత్తితే స్ట్రట్ (కాయిల్ లోపల షాక్ ఉండే జత) 27 మాత్రమే నొక్కుకుంది. అందుకే స్ట్రట్ మీద 10 మి.మీ. వాషరు వేస్తే బండి దాదాపు 18 మి.మీ. లేస్తుంది. ఒక అంగుళం స్పేసరు వేసి ‘అంగుళమే కదా లేపింది’ అనుకునేవాళ్ళు నిజానికి 47 మి.మీ. లేపుతున్నారు. అక్కడ డ్రైవ్ షాఫ్టు సీవీ జాయింట్లు (ముందు చక్రాలను తిప్పే కీళ్ళు) వంకర కోణంలో తిరిగి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, పై ఆర్మ్ బాల్ జాయింటు చివరి దాకా వంగుతుంది. ఈ ప్రాజెక్టులో లిఫ్టు లేదు. వించ్ బరువుకు వాలిన 18 మి.మీ.ని కొత్త ముందు కాయిళ్ళతో తిరిగి తెచ్చుకోవడం వరకే. బండి తయారీ వివరాలు మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది, ఇన్సూరెన్సు వాళ్ళూ ఎత్తు చూస్తారు.

ఏ రకం?

మార్కెట్లో దొరికేవి స్థూలంగా నాలుగు జాతులు.

గ్యాస్ నింపిన ట్విన్ ట్యూబ్. ఓల్డ్ మ్యాన్ ఇము నైట్రోచార్జర్ ఈ కోవలోది. ఒక గొట్టంలో ఇంకో గొట్టం, బయటి గదిలో నూనె పైన తక్కువ పీడనంలో నైట్రోజన్. తారు రోడ్డు, మట్టి రోడ్డు కలగలిపి తిరిగే బండికి సరిపోతుంది. గంటల తరబడి గతుకుల్లో నడిపితే నూనె, గ్యాస్ కలిసి నురగ కడతాయి.

ఫోమ్ సెల్. ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ వాళ్ళవి. ఇదీ ట్విన్ ట్యూబే. బయటి గదిలో విడి గ్యాస్ బదులు మూసిన గాలి గదులున్న నురుగు రబ్బరు ఉంటుంది. నూనె లోపలికి వచ్చినప్పుడు అది నొక్కుకుంటుంది, నూనెలో కలవదు.

మోనో ట్యూబ్. బిల్‌స్టీన్ బీ6 అందరికీ తెలిసిన ఉదాహరణ, 46 మి.మీ. పిస్టన్. నూనెకు, పెద్ద పీడనంలో ఉన్న నైట్రోజన్‌కు మధ్య తేలే పిస్టన్ ఒకటి గోడలా ఉంటుంది. నూనె గొట్టానికే గాలి తగులుతుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది. ప్యాకింగ్ పట్టీ కోయగానే కడ్డీ దానంతటదే బయటికి వస్తుంది. 14 మి.మీ. కడ్డీ మీద 20 బార్ పీడనం అంటే 31 కిలోల తోపుడు. అందుకే వెనక బండి 8 మి.మీ. దాకా లేస్తుంది. కమాను లేచిందనుకుని సంబరపడేవాళ్ళు ఉన్నారు.

పక్క డబ్బా ఉన్నవి, అంటే రిజర్వాయరు షాకులు. 51 మి.మీ. బోరు ఉన్న బీపీ-51, కింగ్, ఫాక్స్ 2.5 లాంటివి. నూనె ఎక్కువ, కొన్నింటిలో బిగుతు బయటి నుంచే తిప్పుకోవచ్చు. సీళ్ళు మార్చి నైట్రోజన్ నింపగలిగే చోటు దగ్గర్లో లేకపోతే ఇవి అలంకారమే.

వేడి ఒక్కటే చూస్తే మోనో ట్యూబ్ గెలవాలి. క్వారీ రోడ్డు ఇంకో ప్రశ్న అడుగుతుంది: రాయి తగిలితే? మోనో ట్యూబ్‌లో పిస్టన్ రాసుకుంటూ తిరిగేది బయటి గొట్టం లోపలి గోడకే. గ్రానైట్ ముక్క ఒకటి సొట్ట పెడితే పిస్టన్ అక్కడ పట్టేస్తుంది, షాక్ అంతటితో సరి. ట్విన్ ట్యూబ్‌కి బయటి గొట్టం సొట్టపడ్డా లోపలిది పని చేస్తూనే ఉంటుంది. ఇరుసు దగ్గర రాళ్ళ ఎత్తులో వేలాడే వెనక షాక్‌కి ఈ తేడా పెద్దది. ఫోమ్ సెల్ మీద గురి కుదిరింది, ముందూ వెనకా అదే.

ఆర్డరు ఇచ్చేటప్పుడు ఒక మోసం కాచుకుని ఉంటుంది. ఇక్కడ అమ్మే వి-క్రాస్ రెండో తరం డి-మ్యాక్స్. థాయిలాండులో 2019 చివర్లోనే మూడో తరం వచ్చేసింది. బండి తయారైన సంవత్సరం 2022 అని చెబితే విదేశీ క్యాటలాగు చూసే మనిషి మూడో తరం నంబరు తీసి ఇస్తాడు. ‘2012 నుంచి 2020 వరకు ఉన్న డి-మ్యాక్స్’ అని అడగాలి. ఇసుజు ఎస్‌యూవీ ఎంయూ-ఎక్స్ వెనక షాకులు కూడా సరిపోవు, దాని వెనక కమాన్లు లేవు, కాయిళ్ళు.

బిగింపు

వెనక వైపు రెండు గంటల పని, తుప్పు సహకరిస్తే. ముందు రోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టాలి. ఛాసిస్ స్టాండ్ల మీద, ఇరుసు జాకీ మీద. షాక్ విప్పుతుండగా ఇరుసు కిందికి జారి బ్రేకు గొట్టం లాగకుండా చూసుకోవాలి.

కొత్త ట్విన్ ట్యూబును అట్టపెట్టె నుంచి తీసి అలాగే బిగించకూడదు. పడుకోబెట్టి రవాణా చేసినప్పుడు లోపలి గొట్టంలోకి గాలి చేరుతుంది. నిలువుగా పట్టుకుని పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగి, అలా ఐదుసార్లు చేస్తే మధ్యలో ‘గుళుక్’మనే ఖాళీ పోతుంది. ఆ తర్వాత పడుకోబెట్టకుండా బండికి ఎక్కించాలి.

రబ్బరు బుష్ ఉన్న ఏ బోల్టునూ బండి గాల్లో ఉండగా చివరి బిగింపు బిగించకూడదు. ఇరుసు వేలాడే స్థితిలో బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగిపోయి ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లలో చిరిగి కీచుమంటుంది. చక్రాలు నేల మీద ఆనాక టార్క్ రెంచితో, వర్క్‌షాపు మాన్యువల్లో ఇచ్చిన అంకెకు బిగించాలి. పైన అడ్డంగా ఒక పసుపు పెయింటు గీత నట్టు నుంచి బ్రాకెట్ దాకా గీస్తే, తర్వాత నట్టు కదిలిందో లేదో వంగి చూస్తే తెలుస్తుంది, పానా అక్కర్లేదు.

ముందు స్ట్రట్ దించడం తేలికే: స్టెబిలైజర్ లింకు, పై మూడు నట్లు, కింది పొడుగు బోల్టు. ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే విప్పాలి, హబ్ భారం వైరు మీద పడనీయకూడదు. కాయిల్ మార్చడం మాత్రం ప్రెస్సు ఉన్న చోటే చేయించాలి. నొక్కిన కాయిల్‌లో ఉన్న బలం జారితే మనిషిని చంపేంత. సన్నటి హుక్కు కంప్రెషర్లతో నేల మీద కూర్చుని చేసే పని కాదిది. కాయిల్ చివర కింది ప్లేటు గాడిలో కూర్చుందో లేదో చూసుకోవాలి. గాడి బయట ఉంటే ఆ వైపు బండి 5, 6 మి.మీ. ఎత్తుగా నిలబడుతుంది.

బిగించాక వీల్ అలైన్‌మెంట్, తర్వాత హెడ్‌లైట్ల ఎత్తు. ముక్కు 18 మి.మీ. లేచింది కాబట్టి పాత సర్దుబాటులో లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొడతాయి.

తప్పిన సెట్టు

మొదట తెప్పించిన వెనక షాకులు ‘హెవీ’. కాటా మీద కనపడిన 1,190ని చూసి వేసిన లెక్క అది. ముందు షాకులు సరిగ్గానే పడ్డాయి, వెనకవి తప్పాయి.

పరీక్షకు ఎంచుకున్నది సిమెంటు రేకులా అలలు తేలిన 14 కి.మీ. మట్టి రోడ్డు. అలకూ అలకూ మధ్య దూరం సుమారు 65 సెంటీమీటర్లు, లోతు 4. షాక్ కడ్డీకి సీలు దగ్గర ఒక జిప్ టై కట్టి నడిపితే, షాక్ ఎంత లోతుకు నొక్కుకుందో ఆ టై చెబుతుంది. దుమ్ము తొడుగు ఉంటే పైకి జరిపి కట్టాలి.

కనోపీ తప్ప తొట్టిలో ఏమీ లేకుండా, 30 కి.మీ. వేగంలో, టై 96 మి.మీ. దగ్గర ఆగింది. బంప్ రబ్బరు పూర్తిగా నలగడానికి ఉన్న మొత్తం దూరం 107. అంటే 4 సెంటీమీటర్ల అలల మీద దాదాపు అడుగు తన్నుకునే దాకా వెళ్ళింది. గట్టి షాక్ వేస్తే తక్కువ నొక్కుకోవాలి కదా?

30 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు 13 అలలు ఎక్కి దిగుతుంది. ఒక్కో అలలో కిందికి దిగడానికి చక్రానికి దొరికేది సెకనులో 25వ వంతు. బయటికి సాగడాన్ని షాక్ గట్టిగా ఆపుతుంటే చక్రం పూర్తిగా దిగేలోపే తర్వాతి అల వచ్చి పైకి తోస్తుంది. ప్రతి అలకూ కొంచెం కొంచెం మిగిలిపోయి, బండి వెనక భాగం కిందికి దిగబడుతూ పోతుంది. చివరికి బంప్ రబ్బరు మీద నడుస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళకు ‘షాక్ గట్టిగా ఉంది’ అనిపిస్తుంది. నిజానికి షాక్ తిరిగి సాగడం లేదు.

అదే సెట్టు 1,190 కిలోల బరువుతో చక్కగా నడిచింది. తప్పు షాక్‌ది కాదు. బండిని అంటిపెట్టుకుని ఉండే బరువు ఒకటి, వచ్చిపోయే బరువు ఇంకొకటి. ఈ బండి నాలుగు కిలోమీటర్లలో మూడు 930 మీదే తిరుగుతుంది. ఆ బరువుకు 30 శాతం ఉండేలా ఎంచుకుంటే నిండు బరువులో అది 26కి తగ్గుతుంది, కాస్త ఊగుతుంది, అంతే. నిండు బరువుకు 35 అని పెట్టుకుంటే ఖాళీలో 41 అవుతుంది. ఊగుడు భరించొచ్చు, వెన్నుపూస మీద పడే దెబ్బ భరించలేం.

‘హెవీ’ తీసేసి అదే పొడవులో ‘మీడియం’ వేశాం: మూసుకుంటే 350, సాగితే 575. అదే రోడ్డు, అదే వేగం, టై 60 దగ్గర ఆగింది.

వేడి కూడా చూశాం. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును మెరిసే లోహం మీద పెడితే తప్పు చెబుతుంది, షాక్ ఒంటి మీద నల్లటి టేపు ముక్క అతికించి దాని మీద కొట్టాలి. బయట 37 డిగ్రీలు. పాత షాక్ (నూనె కారనిది) 14 కి.మీ. చివర 103, కొత్తది 76. సైలెన్సర్ గొట్టం పక్కనున్నది ఎప్పుడూ కొన్ని డిగ్రీలు ఎక్కువే చూపిస్తుంది, అది చూసి కంగారు పడనక్కర్లేదు.

1,500 కి.మీ. తర్వాత

500 దగ్గర అన్ని నట్లూ చూశాం. వెనక కుడి కింది నట్టు మీద పసుపు గీత రెండుగా విడిపోయి కనిపించింది, పావు వంతు తిరిగింది. మళ్ళీ టార్కుకు బిగించి కొత్త గీత గీశాం. 1,500కి అది కదల్లేదు.

ముందు కాయిళ్ళు కుదురుకుని 6 మి.మీ. దిగాయి, రెండు వైపులా సమానంగా. అందుకే అలైన్‌మెంట్ రెండోసారి చేయించాల్సి వచ్చింది. మొదటిది బిగించగానే కాకుండా కాయిళ్ళు దిగాకే చేయిస్తే ఒక ఖర్చు తప్పేది. కానీ అప్పటిదాకా టైరు లోపలి అంచు అరగడం అంతకంటే ఎక్కువ ఖర్చు.

మిగిలిన పని ఒకటే. నిండు బరువుతో మారేడుమిల్లి ఘాటు దిగేటప్పుడు వెనక భాగం మలుపుల్లో రెండోసారి ఊగుతోంది. ఇరుసు బంప్ రబ్బరుకు బదులు పొడవాటి మెత్తటి రబ్బరు పెడితే కమానుకు కాస్త ఆసరా అవుతుంది. దాని కోసం 365 కొలతను మళ్ళీ తీసుకోవాలి. సిమెంటు బస్తాలు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి.